ఓడవాళ్ళ జబ్బు

భండారీకి ఒక్క మనిషికి వండటం చేతకాదు. జరిగినదంతా అక్కడి నుంచే మొదలైంది.

సరుకుల ఓడల మీద వంటవాణ్ణి భండారీ అంటారు. ఆయన ముప్పై నాలుగేళ్ళు ఆ పని చేసి అరవయ్యో ఏట ఒడ్డెక్కాడు. ఓడ దిగినా పేరు దిగలేదు. బళ్ళోకెళ్ళే పిల్లల నుంచి ఇస్త్రీ బండి ముసలాయన దాకా వీధిలో అందరికీ ఆయన భండారీయే. కుడి ముంజేతి మీద జానెడు కాలిన మచ్చ ఉండేది. ఒక తుఫానులో ఓడ పక్కకు ఒరిగి, పొయ్యి మీది గుండిగ చుట్టూ ఉన్న కడ్డీలు దాటి దూకినప్పుడు పట్టుకోబోయి తెచ్చుకున్నది. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికొస్తే కూర్చున్న అయిదు నిమిషాల్లో చొక్కా చేయి పైకి మడిచేవాడు. ఆ తరవాత తప్పనిసరిగా ఒక మాట అనేవాడు.

"నా చేతి కూడు తిన్నవాడు ఒక్కడంటే ఒక్కడు మంచం పట్టలేదండీ. ముప్పై నాలుగేళ్ళలో."

అందులో అబద్ధం లేదు. కంచంలో కూర వదిలేసే కుర్ర కళాసీల పక్కన గరిటె పట్టుకుని నిలబడి, "తింటావా, పళ్ళు రాలగొట్టుకుంటావా?" అని బెదిరించి మరీ తినిపించేవాడు. పూర్వం తెరచాపల ఓడల్లో కాయగూరలు దొరక్క నావికుల చిగుళ్ళు ఎలా కుళ్ళిపోయేవో, మనుషులు ఎలా రాలిపోయేవారో, తను కళ్ళారా చూసినట్టే వర్ణించేవాడు. ఆ పాఠం ఆయన వంట శిక్షణలో ఒక్క పేజీ మాత్రమే. అయితే ఆ పేజీని ఆయన ముప్పై నాలుగేళ్ళు వాడుకున్నాడు.

ఇంటికొచ్చాక వంటగది భార్యదే. మొదటి వారంలోనే ఆయన గరిటె అందుకోబోతే, "ఓడకు ఒకరే కెప్టెన్ ఉంటారని మీరే చెప్పారు కదా. ఈ ఓడకు నేను" అని ఆవిడ మెత్తగా గరిటె లాక్కుంది. ఆయన బుద్ధిగా బల్ల దగ్గర కూర్చుని, పెట్టింది తినడం నేర్చుకున్నాడు. 

అంతలో కూతురికి కవలలు పుట్టారు. ఏడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటుంది కూతురు. నెల రోజులు ఉండి వస్తానని వెళ్ళింది భార్య. కవలల్లో ఒకడు నిద్రపోతే రెండోవాడు లేచేవాడు. వీడికి పాలు పట్టేసరికి వాడు కక్కేవాడు. నెల కాస్తా రెండైంది. రెండు అయిదయ్యాయి.

ఆవిడ బస్సెక్కిన మర్నాడు భండారీ చాలా కాలానికి వంటగదిలోకి దర్జాగా అడుగు పెట్టాడు. బియ్యం డబ్బా మూత తీశాడు. చెయ్యి దానంతటదే పని చేసుకుపోయింది. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నిండిపోయి, బకెట్లో కూడా అన్నం ఉంది. క్యాబేజీ కూర ముప్పై మందికి సరిపోయేంత. ఆ పూట వీధంతా భండారీ ఇంటి అన్నమే తింది. రెండో రోజు మరీ జాగ్రత్తగా, సగానికి సగం తగ్గించి వండాడు. పదిహేను మందికి సరిపోయింది. మూడో రోజు పది గంటలకే ఇద్దరు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు.

నాలుగో రోజు పట్టుదలగా ఒక్క గ్లాసు బియ్యం పోశాడు. అంత చిన్న గిన్నెలో అన్నం ఎప్పుడు ఉడుకుతుందో, ఎప్పుడు మాడుతుందో ఆయనకు అంతు పట్టలేదు. కూరలో ఉప్పు ఉప్పు కాదు, విషం. గరిటెల లెక్క తెలిసిన చేతికి చిటికెల లెక్క ఎలా తెలుస్తుంది? ఆ మాడు అన్నం ముందు ఒక్కడూ కూర్చుని, ఎదుటి ఖాళీ కుర్చీని చూస్తూ నాలుగు ముద్దలు మింగాడు. పక్కన నిలబడి దబాయించడానికి కుర్ర కళాసీ ఒక్కడు కూడా లేడు. వంట అంటే ఒకరికి పెట్టడమే గాని తాను తినడం కాదని ఆయనకు ఆ రోజు తెలిసింది. ఇంక పొయ్యి ముట్టుకోబుద్ధి కాలేదు.

కింది వాటాలో అన్న, వదిన ఉంటారు. మరిది అవస్థ చూసి వదిన అయిదో రోజు కంచం నిండా అన్నం, రెండు కూరలు పెట్టి పైకి తెచ్చింది. భండారీ తిన్నాడు. కంచం కడిగి తనే కిందికి తీసుకెళ్ళి ఇచ్చాడు. మంచి చెడ్డా చెప్పడం వంటవాడి ధర్మం కదా అని, "కూర బాగుంది వదినా. ఉప్పు రెండు పిసర్లు తగ్గింది, పోపు కాస్త మాడింది. మిగతాదంతా పర్వాలేదు" అన్నాడు.

వదిన కంచం అందుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో వండుతున్న మనిషి. మళ్ళీ కంచం పైకి రాలేదు.

అప్పట్నుంచి భండారీ తిండి కుదురుకుంది. పొద్దున పాలు లేని టీ, రస్కులు. మధ్యాహ్నం ఉడకబెట్టిన గుడ్లు, బిస్కెట్లు. సాయంత్రం మళ్ళీ టీ, రస్కులు. మరీ నోరు చప్పబడితే ఒక ఎండు చేపను కాల్చుకుని రస్కుతో నంజుకునేవాడు. కడుపు నిండేది. గిన్నెలు తోమే పని లేదు. వీధి చివరి కొట్టుకు ఫోన్ చేస్తే సరుకు ఇంటికే వచ్చేది.

రోజూ సాయంత్రం ఏడింటికి మాత్రం భార్య ఫోన్ చేసేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఏం వండుకున్నారు?"

రస్కులని చెబితే ఆవిడ కవలల్ని అక్కడే దించి బస్సెక్కుతుంది. అది ఆయనకు ఇష్టం లేదు. అందుకని గొంతు సవరించుకుని ఓడ మీది వారపు జాబితా అప్పజెప్పేవాడు. సోమవారం క్యాబేజీ, మంగళవారం బీన్స్, బుధవారం పాలకూర పప్పు. కూర ఎలా తరిగాడో, పోపు ఎంతసేపు వేగనిచ్చాడో, చివర నిమ్మకాయ ఎప్పుడు పిండాడో, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పేవాడు. చెబుతుంటే ఆయనకే నోరూరేది. ఫోన్ పెట్టేసి టీలో రస్కు ముంచుకునేవాడు.

మూడో నెల దాటాక ఒళ్ళు బరువెక్కడం మొదలైంది. మెట్లు పన్నెండే, నాలుగు చోట్ల ఆగాల్సి వచ్చేది. మోకాళ్ళు సలిపేవి. పళ్ళు తోముకుంటే ఉమ్మి ఎర్రగా పడేది.

పళ్ళ డాక్టరు చిగుళ్ళు చూసి, "మీరు పళ్ళు తోముతున్నారా, గిన్నెలు తోముతున్నారా?" అని మెత్తటి బ్రష్షు, పుక్కిలించే మందు ఇచ్చాడు. ఎముకల డాక్టరు మోకాళ్ళు చూసి, ఓడ మీద అన్నేళ్ళు నిలబడ్డందుకు అవి ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాయని చెప్పి, బిగుతైన పట్టీలు ఇచ్చాడు. అన్న మాత్రం ఏ పరీక్షా లేకుండా, "వయసురా" అన్నాడు. ముగ్గురిలో ఒక్కరూ ఏం తింటున్నావని అడగలేదు. వంటవాణ్ణి ఆ మాట అడగడం, పంతులుగారిని అక్షరాలొచ్చా అని అడిగినట్టు ఉంటుంది కదా.

అయిదో నెల నడుస్తుండగా ముంజేతి మచ్చ ఊదారంగుకు తిరిగింది. నాలుగు రోజులకు దాని అంచు చిట్లి రసి కారింది. ఇరవై ఏళ్ళ కిందట మానిన గాయం తలుపు తెరుచుకుని బయటికి వచ్చినట్టయింది. అది చూసి భండారీకి మొదటిసారి భయం వేసింది. ఆ భయంతోనే కిందికి దిగుతుంటే ఆరో మెట్టు మీద కళ్ళు తిరిగి కూలబడ్డాడు.

చప్పుడుకు వదిన వచ్చింది. ఉప్పు సంగతి ఆవిడ మరిచిపోలేదు గాని, పడ్డ మనిషిని మెట్ల మీద వదిలేసే రకం కాదు. చెయ్యి పట్టుకుని లేపి, ఆటోలో ఎక్కించి, రెండు వీధుల అవతల కొత్తగా తెరిచిన ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆసుపత్రి అంటే పెద్దదేం కాదు. ఒకటే గది, మధ్యలో ఆకుపచ్చ తెర. తెరకు ఇటు నాలుగు కుర్చీలు, అటు బల్ల, మంచం, డాక్టరమ్మ. చదువు ముగిసి రెండేళ్ళు కూడా కాని పిల్ల. వదిన బయటి కుర్చీలో కూర్చోబోయి, గొంతు ఎండిపోయి సోడా తాగి వస్తానని రోడ్డు దాటింది.

డాక్టరమ్మ చిగుళ్ళు చూసింది. మచ్చ చూసింది. పైజమా మోకాళ్ళ దాకా ఎత్తించి, భూతద్దం పెట్టి కాళ్ళు చూసింది. ప్రతి వెంట్రుక మొదట్లోనూ ఎర్రటి చుక్క. వెంట్రుకలు తిన్నగా లేవు, పెన్నులోని స్ప్రింగుల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. మళ్ళీ తీసింది.

"నిన్న ఏం తిన్నారు?" అంది.

"రస్కులు, టీ. రెండు గుడ్లు."

"మొన్న?"

"అవే."

"పోయిన నెల?"

భండారీ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళ పాటు తాను చెప్పిన పేజీ ఒక్కసారిగా కళ్ళ ముందు తెరుచుకుంది. ఆ పేజీలో చిగుళ్ళున్నాయి, మోకాళ్ళున్నాయి, తిరగబెట్టే పాత గాయాలున్నాయి.

"స్కర్వీనా డాక్టరమ్మా?" అన్నాడు చిన్న గొంతుతో.

"మీకెలా తెలుసు?" అని ఆశ్చర్యపోయింది ఆవిడ. "రక్తపరీక్షకు పంపిస్తాను గాని నాకు అనుమానమే లేదు. విటమిన్ సి బొత్తిగా లేకపోతే ఒళ్ళంతా కుట్లు ఊడిన బట్టలా అయిపోతుంది. మన ఒంట్లో కండనీ చర్మాన్నీ అతికించి ఉంచే జిగురు దాంతోనే తయారవుతుంది. మనిషి దాన్ని సొంతంగా చేసుకోలేడు, తినాల్సిందే. అయ్యో, మీరు ఏడుస్తున్నారా?"

సరిగ్గా అప్పుడే వదిన సోడా తాగి వచ్చి కుర్చీలో కూర్చుంది. తెర పల్చన. వదిన చెవులు వాడి. ఆవిడ విన్నది ఇదీ.

"బాధపడకండి. ఇది పూర్వం ఓడల మీద తిరిగేవాళ్ళకు వచ్చే జబ్బు. పుస్తకంలో తప్ప నేను ఎప్పుడూ చూడలేదు. ఒక ఫోటో తీసుకోనా? పైజమా ఇంకాస్త పైకి. నర్సును కూడా పిలుస్తాను, చూసి నేర్చుకుంటుంది."

"డాక్టరమ్మా, దండం పెడతాను. మా ఇంట్లో తెలియకూడదు."

"దాచుకోవాల్సినంత ఏముందండీ?"

"ముప్పై నాలుగేళ్ళు రేవురేవూ తిరిగి ఎప్పుడూ తెచ్చుకోనిది, ఇంట్లో కూర్చుని తెచ్చుకున్నానంటే నా పరువేం కాను?"

"మీ ఆవిడ ఊరెళ్ళి ఎన్నాళ్ళైందన్నారు?"

"అయిదు నెలలు."

"అదీ సంగతి. ఒంటరిగా ఉండే మగవాళ్ళ గోలే ఇది. ఇకనైనా ఆ అలవాట్లు మానండి. నెల రోజుల్లో పూర్తిగా తగ్గిపోతుంది."

వదిన కుర్చీలోంచి లేచి, గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. ఆటోలో ఇంటికొచ్చేటప్పుడు మరిదికీ తనకూ మధ్య చేతిసంచీ పెట్టుకుంది. దారిలో ఒక్క ముక్క మాట్లాడలేదు. భండారీ కూడా మందుల చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో అడుగుకు తోసేసి, తల వంచుకుని కూర్చున్నాడు. ఆ తల వంచడంతో వదినకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో పేరుంది. అది అన్యాయం. ఆవిడ పూర్తిగా అరగంట ఆగింది. ఆ తరవాత తోడికోడలికి ఫోన్ చేసింది.

"నువ్వు బయల్దేరి రా."

"ఏమైందక్కా? ఆయనకేమైనా..."

"బతికే ఉన్నాడు. ఫోన్లో చెప్పే జబ్బు కాదు. రా."

సాయంత్రానికి వీధి మొత్తానికి తెలిసింది. ఇస్త్రీ ముసలాయన భండారీ చొక్కాలను కర్రతో ఎత్తి పక్కన పెట్టాడు. భండారీ చీటీ పట్టుకుని మందుల కొట్టుకు వెళితే, అక్కడ నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు జరిగి దారి ఇచ్చారు. అందులో ఒకాయన మీసం దువ్వుకుంటూ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చూపులో ఏవగింపు కన్నా కుతూహలం ఎక్కువ ఉంది. భండారీ ఇదేదీ గమనించే స్థితిలో లేడు.

మర్నాడు పొద్దున అన్న పైకి వచ్చాడు. తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, జీవితంలో ఎవరినీ కేకలేసి ఎరగడు. కుర్చీ అంచున కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అంతా తెలిసిందిరా" అన్నాడు.

"డాక్టరమ్మ చెప్పేసిందా?"

"మీ వదిన విన్నది." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది?"

"మీ మరదలు వెళ్ళిన వారం నుంచే."

"వారం కూడా ఆగలేకపోయావా?"

"ఆగడానికి అదేం పని అన్నయ్యా? ఆకలేస్తుంది కదా."

అన్న కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. "వారానికి ఎన్నిసార్లు?"

"వారానికేంటి? రోజూ. మూడు పూటలా."

అన్న చాలాసేపు తమ్ముణ్ణి చూశాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, మోకాళ్ళకు పట్టీలు. "నేను కింద వరండాలోనే ఉంటాను కదరా. ఎవరూ పైకి రావడం చూడలేదే" అన్నాడు చివరికి.

"ఫోన్ చేస్తే వీధి చివరి కొట్టు నుంచి వచ్చేది. నువ్వు నిద్రలో ఉండి ఉంటావు."

వీధి చివరి కొట్లో ఉండేది ఒక్కర్తే ఆడమనిషి.

"ఒరేయ్. ఆవిడకు డెబ్బై దాటాయి కదరా."

"దాటితే? సరుకు తాజాగానే ఉంటుంది" అన్నాడు భండారీ. అప్పుడు అన్న ముఖం చూశాడు. అన్న ఏమనుకుంటున్నాడో, వదిన ఏం విన్నదో, మందుల కొట్టు దగ్గర పెద్దమనుషులు ఎందుకు జరిగారో, అన్నీ ఒక్కసారి తట్టాయి. "ఛీ, ఛీ. నువ్వనుకునేది కాదు అన్నయ్యా."

"మరేంటి?"

భండారీ నోరు తెరిచాడు. ఒక్క మాట అంటే చాలు, ఈ బురదంతా కడుక్కుపోతుంది. కాని ఆ మాట ఏమిటి? కాయగూరలు తినక జబ్బు తెచ్చుకున్న వంటవాడు. బడిపంతులు వేలిముద్ర వేసినట్టు. ఓడల మీద తన చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు పది ఓడల్లో భండారీలుగా ఉన్నారు. ఆ మాట సముద్రం దాటి వాళ్ళ చెవిన పడుతుంది. పరాయి ఆడదాని కథైతే మగవాళ్ళు నవ్వుకుని మరిచిపోతారు. ఇదలా కాదు. గరిటె పట్టిన ప్రతివాడూ చెప్పుకుంటాడు.

తెరిచిన నోరు మూసుకున్నాడు.

అన్న లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ముప్పై రెండేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు గుద్దాను" అన్నాడు గుమ్మం వైపు చూస్తూ. "నా జీవితంలో జరిగిన పెద్ద విశేషం, ఒకసారి ముద్ర నా బొటనవేలి మీద పడటం." ఆ మాట అని నెమ్మదిగా మెట్లు దిగిపోయాడు. ఆ దిగడంలో మందలించడానికి వచ్చిన మనిషి వాలకం లేదు.

మధ్యాహ్నం మూడింటికి భార్య వచ్చింది. బస్సులో ఏడు గంటలూ కిటికీ వైపు తిరిగి కూర్చుందో ఏమో, జుట్టంతా దుమ్ము. మెట్ల కింద వదిన ఎదురొచ్చి చెవిలో చెప్పాల్సింది చెప్పింది. ఆవిడ విని, తలూపి, సంచీ తనే మోసుకుని పైకొచ్చింది.

భండారీ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆవిడ కేకలు వేయలేదు. సంచీ గోడకు ఆనించి, ఎదురుగా నిలబడింది.

"అక్క చెప్పింది నిజమేనా?"

భండారీ నేల చూపులు చూశాడు. అన్న ముందు మూసిన నోరు భార్య ముందు తెరవడం ఇంకా కష్టంగా ఉంది. రోజూ ఏడింటికి చెప్పిన కూరలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి. తాను రెండింటిలో ఏది తక్కువ లోతో ఆలోచిస్తున్న సంగతి భార్యకు తెలిస్తే ఏమనుకుంటుందో అని ఇంకో భయం.

ఆవిడ జవాబు కోసం చాలాసేపు చూసింది. "సరే" అంది. "మొదట నాకు మంచినీళ్ళు కావాలి" అని వంటగదిలోకి వెళ్ళింది.

చాలాసేపు చప్పుడు లేదు. తరవాత ఒక డబ్బా మూత తీసిన చప్పుడు. ఇంకో డబ్బా. అలమర తలుపు. చెత్తబుట్ట కదిపిన చప్పుడు. భండారీ ఒక్కో చప్పుడూ గుర్తుపడుతూ మంచం మీద కుంచించుకుపోయాడు.

ఆవిడ బయటికి వచ్చేసరికి ఒక చేతిలో కూరగాయల బుట్ట ఉంది. బుట్టలో ఈ మూల నుంచి ఆ మూలకు సాలెగూడు, మధ్యలో కాపురం పెట్టిన సాలీడు. రెండో చేతిలో కత్తిపీట. దాని అంచు తుప్పుపట్టి ఎర్రగా ఉంది.

"ఇందులో కాయ పడి ఎన్నాళ్ళైంది?"

భండారీ సాలీడు వైపు చూశాడు.

"చెత్తబుట్ట నిండా రస్కు కాగితాలు. గుడ్డు పెంకులు. నూనె సీసా నేను వెళ్ళేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. మొన్న సాయంత్రం బీన్స్ కూర అన్నారు. సన్నగా తరిగి, మూత పెట్టకుండా మగ్గించి, దించాక నిమ్మకాయ పిండానన్నారు. ఎక్కడ వండారు? దేంతో తరిగారు?"

ఆడదాని గురించి అడిగితే ఇంకా కాసేపు నోరు మూసుకుని ఉండేవాడేమో. బీన్స్ గురించి అడిగేసరికి ఆయన తట్టుకోలేకపోయాడు.

"స్కర్వీ" అన్నాడు.

"అదెవత్తె?"

"ఎవత్తీ కాదు. జబ్బు పేరు. కాయా పండూ తినకపోతే వస్తుంది." పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూపించాడు. పైజమా ఎత్తి కాళ్ళు చూపించాడు. మచ్చ చూపించాడు, ఈసారి గొప్ప కోసం కాదు. డాక్టరమ్మ అన్నదీ, వదిన తెర ఇవతల విన్నదీ, అన్న వచ్చి అడిగిందీ, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు. కొట్టు ముసలమ్మ సంగతి దగ్గర ఆవిడ పెదాలు కాస్త వణికాయి గాని నవ్వలేదు.

అంతా విని మంచం అంచున కూర్చుంది.

"పరాయి ఆడదైతే నాలుగు తిట్టి, రెండు ఏడ్చి, ఊరుకునేదాన్నేమో" అంది. "అయిదు నెలలు. రోజూ ఏడింటికి. మీరు చెప్పిన ప్రతి కూరా రాసుకుని మర్నాడు అక్కడ వండాను. అమ్మాయి లేచి తిరుగుతోంది. అల్లుడికి బెల్టు చాలట్లేదు. వియ్యపురాలు రెండోసారి వడ్డించమని అడుగుతుంది. మీ మాటల కూరలు తిని అక్కడ అందరూ ఎర్రగా బుర్రగా ఉన్నారు. ఇక్కడ మీరేమో రస్కులు తిని చిగుళ్ళు ఊడగొట్టుకున్నారు. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు వచ్చేస్తావు. పిల్లలు చిన్నవాళ్ళు." అసలు సంగతి కూడా చెప్పేశాడు. "ఒక్కడికి వండటం నాకు రాదు. రాదని చెప్పడం కూడా రాలేదు."

ఆవిడ కొంగుతో ఆయన ముంజేతి మచ్చ పక్కన కారిన రసి తుడిచింది. తరవాత లేచి, బుట్ట తీసుకుని, సాలీడును కిటికీలోంచి బయటికి దులిపి, బజారుకు వెళ్ళింది.

వెళ్ళేదారిలో తోడికోడలికి జబ్బు పేరు, అర్థం, మందు, అన్నీ వీధి అరుగు మీద నిలబడి నలుగురికీ వినిపించేలా చెప్పింది. వదిన శ్రద్ధగా విన్నది.

"నేను ముందే అనుకున్నాను, మరిది అలాంటివాడు కాదని" అంది. అయితే ఆవిడ ముఖంలో కాస్త నిరాశ కనిపించింది. అన్నకు ఇంకా ఎక్కువ నిరాశ కలిగింది. ఆయన ఆ సాయంత్రం తమ్ముడితో సరిగ్గా మాట్లాడలేదు.

మందు చూసి భండారీకే చిన్నతనం అనిపించింది. నారింజ రంగు చప్పరింపు మాత్రలు, చిన్నపిల్లలకు ఇచ్చేలాంటివి. వాటితో పాటు పూటకో జామకాయ, గ్లాసుడు నిమ్మరసం, కంచంలో రెండు రకాల కూర. ఆవిడ పక్కన నిలబడి తినిపించింది. మూడో రోజుకు చిగుళ్ళ నెత్తురు ఆగింది. వారానికి మెట్లు ఒక్క బిగిన ఎక్కాడు. పదో రోజు డాక్టరమ్మ ఆయన కాళ్ళు చూసి సంతోషించింది. తగ్గిపోతున్న ఎర్ర చుక్కలకు ఇంకో ఫోటో తీసుకుంటున్నప్పుడు మాత్రం ఆవిడ ముఖంలో, మంచి చుట్టాన్ని సాగనంపే మనిషికుండే దిగులు కనిపించింది.

ఆ మర్నాడు భార్య రెండు సంచీలు సర్దింది. ఒకటి తనది, ఒకటి ఆయనది.

"నేనెందుకు? అక్కడ ఇరుకు" అన్నాడు భండారీ.

"అక్కడ పది మందిమి ఉంటున్నాం. వచ్చేపోయే చుట్టాలతో పదిహేను. మీ చేతికి సరిపోతుంది" అంది ఆవిడ.

కూతురి ఇంట్లో కాలు పెట్టగానే, అడగకుండానే ఎవరో ఆయన ఒళ్ళో ఒక మనవణ్ణి పడుకోబెట్టేశారు. వాడు తాతను పట్టించుకోకుండా ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకున్నాడు. భార్య ఎదురుగా నేల మీద కూర్చుని ఉతికిన గుడ్డలు మడత పెడుతోంది. వియ్యపురాలు మంచినీళ్ళు తెచ్చిచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఒంట్లో బాగాలేదట కదా అన్నయ్యగారూ. ఏం జబ్బని చెప్పారు?"

భండారీ భార్య వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. మడతలు పెడుతూనే ఉంది. పక్కగదిలోంచి అల్లుడు కూడా వింటున్నాడు. భండారీ మనవడి నోట్లోంచి గుండీ తీశాడు.

"స్కర్వీ అండీ" అన్నాడు, దాచుకోకుండా, గది మొత్తానికి వినపడేలా.

"ఓ, అదా" అంది వియ్యపురాలు. "మా పెద్దాడబిడ్డకూ అదే. చివరికి మోకాళ్ళలోకి దిగింది. మీరు చన్నీళ్ళ స్నానం మాత్రం చెయ్యకండి."

"చెయ్యనండీ" అన్నాడు భండారీ.

ఆవిడ పెద్దాడబిడ్డ మోకాళ్ళ సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. లోపల రెండో మనవడు లేచి ఏడుపందుకున్నాడు. భార్య గుడ్డలు పక్కన పెట్టి లేవబోతుంటే, "నువ్వుండు, వాణ్ణి కూడా ఇలా ఇవ్వు" అని భండారీ ఖాళీగా ఉన్న రెండో చెయ్యి చాపాడు.